రెండు విమానాల గేమ్ గుర్తుందా? 1981 నాటి 'గాలగా'లో అసలు కిటుకు ఇదీ!

నేరేడుచర్ల: చేతిలో ఉన్నవి మూడే విమానాలు. అందులో ఒకదాన్ని కావాలనే శత్రువుకు అప్పగిస్తారా? ఎవరైనా పిచ్చా అంటారు. కానీ టీవీకి వీడియో గేమ్ తగిలించుకుని ఆడిన తరాన్ని అడిగి చూడండి. "ఆ.. అప్పగిస్తేనే కదా రెండు విమానాలు వచ్చేది!" అంటారు. ఆ గేమ్ పేరు మాత్రం చాలామంది చెప్పలేరు. దాని పేరు 'గాలగా'.

నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు 1990ల్లో పెరిగిన పిల్లలకు వీడియో గేమ్ అంటే క్యాసెట్టే. గేమ్ లోడ్ కాకపోతే క్యాసెట్ తీసి, ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చాలి. స్టిక్కర్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది. లోపల చూస్తే అవే కొన్ని గేమ్‌లు, పేర్లు మార్చి మళ్లీ మళ్లీ! జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన 'ఫ్యామికామ్' మెషీన్‌కు నకళ్లవి. గాలగా ఫ్యామికామ్‌కు వచ్చింది 1985లో. అక్కడి నుంచి ఈ నకిలీ క్యాసెట్లలోకి ఎక్కి మన ఊళ్ల దాకా వచ్చింది. మెనూలో తయారుచేసినవాళ్ల పేరు ఉండదు, ముందు భాగం ఏదో ఉండదు. అందుకే ఇది ఒక సీక్వెల్ అన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మొదటి భాగంలో ఒక్కటే బుల్లెట్

అంతరిక్షంలో వరుసగా నిలబడ్డ శత్రువులను కింద నుంచి కాల్చే గేమ్‌లకు ఊపు తెచ్చింది 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్'. అది టైటో కంపెనీది. దానికి పోటీగా నామ్‌కో కంపెనీ 1979లో 'గెలాక్సియన్' దించింది. ఇందులో శత్రువులు వరుస వదిలేసి, రంగురంగుల్లో మీదికి దూకుతారు. అప్పటికి అది కొత్త.

కానీ ఒక ఇబ్బంది ఉంది. ఒకసారి కాలిస్తే ఆ బుల్లెట్ ఎవరికైనా తగలాలి, లేదా స్క్రీన్ దాటిపోవాలి. అప్పటిదాకా రెండోది రాదు. గురి తప్పిందా, చూస్తూ కూర్చోవడమే.

రెండేళ్లకు, 1981లో, షిగెరు యోకోయామా డిజైన్‌తో సీక్వెల్ గాలగా వచ్చింది. బుల్లెట్లు ఒకేసారి రెండు వెళ్తాయి. శత్రువులు మెలికలు తిరుగుతూ వచ్చి వరుస కడతారు. మూడో స్టేజ్‌లో మొదలుపెట్టి ప్రతి నాలుగు స్టేజ్‌లకు ఒకసారి బోనస్ రౌండ్ వస్తుంది. అందులో 40 మంది శత్రువులు ఒక్క తూటా కూడా కాల్చకుండా వెళ్లిపోతారు. అందరినీ కొడితే 10,000 పాయింట్లు. గేమ్ అయిపోయాక ఎన్ని కాల్చారు, ఎన్ని తగిలాయి అని శాతంతో సహా లెక్క చూపిస్తుంది. పరీక్ష మార్కుల లిస్టులాగా!

ఇవన్నీ ఒక ఎత్తు. అప్పగించడం ఒక్కటే ఒక ఎత్తు.

కావాలనే దొరికిపోవాలి

పై వరుసలో నలుగురు బాస్‌లు ఉంటారు. ఒక్కొక్కరికి రెండు దెబ్బలు తగిలితే కానీ పోరు. అప్పుడప్పుడు ఒక బాస్ కిందికి దిగి, మధ్యలో ఆగి, నీలి వెలుగును వలలాగా కిందికి పరుస్తాడు. దాని కిందికి వెళ్తే మీ విమానం గిరగిరా తిరుగుతూ పైకి పోయి బందీ అవుతుంది. ఒక లైఫ్ పోయినట్టే. మీ దగ్గర ఉన్నది ఆఖరి విమానమైతే అక్కడితో గేమ్ ఓవర్.

ఇంకొకటి మిగిలి ఉంటే మాత్రం అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. ఆ బాస్ బందీని వెంటబెట్టుకుని మీదికి దూకినప్పుడే కొట్టాలి. అప్పుడు మీ విమానం విడుదలై వచ్చి రెండోదాని పక్కన అతుక్కుంటుంది. ఇక జంట తూటాలే. బాస్ పైన వరుసలో ఉండగానే తొందరపడి కొడితే బందీ మీ చేతికి రాదు. గురి తప్పి బందీకే తగిలితే మీ విమానాన్ని మీరే కూల్చుకున్నట్టు. ఈ తప్పు చేయని పిల్లాడు ఉండడేమో!

జంట విమానాలతో ఒక చిక్కు ఉంది. వెడల్పు రెట్టింపు అవుతుంది కాబట్టి తూటాలు తప్పించుకోవడం కష్టం. బలం ఊరికే రాదన్నమాట. ముందున్న గేమ్‌లలో లైఫ్ అంటే కాపాడుకోవాల్సింది. గాలగాలో అది పెట్టుబడి కూడా.

షాపు ఓనర్‌కు నష్టం తెచ్చిన బగ్

జపాన్, అమెరికాల్లో ఇది ముందుగా నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్ మీద నడిచింది. మీరు ఎంత త్వరగా ఓడితే ఓనర్‌కు అంత లాభం. కానీ గాలగా ప్రోగ్రామ్‌లో ఒక బగ్ మిగిలిపోయింది. మొదటి స్టేజ్‌లో ఎడమ అంచున కొన్ని తేనెటీగల లాంటి శత్రువులను మాత్రం వదిలేసి, కాల్చకుండా సుమారు పావుగంట తప్పించుకుంటూ ఉండాలి. ఆ తర్వాత శత్రువులు కాల్చడమే మానేస్తారు. అన్ని స్టేజ్‌ల్లోనూ అంతే!

కారణం చిన్నదే. శత్రువుల తూటాలకు మెమరీలో కొన్ని ఖానాలే ఉంటాయి. అంచున పేలిన కొన్ని తూటాలు స్క్రీన్ మీద కనిపించవు, ఖానా మాత్రం ఖాళీ చేయవు. అన్నీ నిండిపోయాక కొత్త తూటాకు చోటే దొరకదు. ఇది ఆర్కేడ్ మెషీన్ బగ్. టీవీ క్యాసెట్‌లోది వేరే మెషీన్ కోసం మళ్లీ రాసిన ప్రోగ్రామ్.

ఇప్పుడు ఫోన్‌లో ఆడాలంటే?

2012 నాటి 'ది అవెంజర్స్'లో పనిచేయాల్సిన ఉద్యోగి దొంగచాటుగా గేమ్ ఆడుతున్నాడని టోనీ స్టార్క్ పట్టించే సీన్ ఉంది కదా, అది గాలగానే. ఆ పేరుతో, ఆ పోలికతో ఫోన్‌లలో అనుకరణ గేమ్‌లు బోలెడు. అసలు హక్కులు బందాయ్ నామ్‌కోవి కాబట్టి, ఇన్‌స్టాల్ చేసేముందు డెవలపర్ పేరు చూసుకోవాలి.

పిల్లల చేతిలో గేమ్ కనిపిస్తే చాలు, "ఇదీ డబ్బులు పోయేదేనా?" అని ఇంట్లో పెద్దలు భయపడుతున్నారు. ఆ భయంలో న్యాయం ఉంది. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. గాలగా ఆ కోవలోది కాదు. ఇందులో పందెం ఒక విమానమే. కాకపోతే అనుకరణ యాప్ ఏదైనా 'ఇంకో లైఫ్ కొనండి' అని అడిగితే, ఆ ఫోన్‌లో యూపీఐ పిన్ ఎవరికి తెలుసో ముందు చూసుకోండి.