ఉప్పుగాలిలో సోలార్ మిద్దె

నెల్లూరు తీరంలో ఇంటి మిద్దె మీద ఒక కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు పెడితే రోజుకు సగటున నాలుగు యూనిట్ల కరెంటు వస్తుంది. అందుకు నీడ పడని చోటు 100 చదరపు అడుగులు చాలు. నెల్లూరు ఉన్నది సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద కనుక ప్యానెళ్లను దక్షిణానికి ఇంచుమించు అంతే వాలుగా నిలుపుతారు. ఎండ ముదిరితే కరెంటూ పెరుగుతుందనుకోవడం పొరపాటు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం శక్తి తగ్గుతుంది. రోహిణి కార్తెలో ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే పదో వంతుకు పైగా పోయినట్టే. అందుకే కింద గాలి ఆడేలా ఖాళీ వదలాలి.

లాభం తెలిసేది బిల్లు స్లాబుల్లో. 2022 నుంచి అమలైన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున పడితే, 225 దాటినవి రూ.8.75కు, 400 దాటినవి రూ.9.75కు పడతాయి. సోలార్ ముందుగా ఈ పై స్లాబులనే కోసేస్తుంది. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి స్థిర చార్జీల వంటివి కాక సుమారు రూ.1,673 అవుతుంది, రెండు కిలోవాట్లు పెట్టి నెట్ మీటరులో 240 యూనిట్లు తగ్గితే మిగిలేది రూ.147.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్లకు రూ.60,000, మూడు కిలోవాట్లు, ఆపైన రూ.78,000 సబ్సిడీ ఇస్తుంది. బీసీలకు అదనపు సాయం, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితం అని రాష్ట్రం ప్రకటించింది. పట్టపుపాలేల మత్స్యకారులకు, యానాదులకు ఇది పెద్ద ఆసరా. అయితే వారిలో ఎందరికో గట్టి మిద్దె లేదు. వారికి చేరే దారి చూడనంతవరకు పథకం సగమే.

తీరంలో అసలు పరీక్ష ఉప్పుగాలిది. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట లాంటి చోట్ల ఇనుప కిటికీలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అందరికీ తెలుసు. అయినా కొనేటప్పుడు బేరమంతా ప్యానెల్ కంపెనీ మీదే సాగుతుంది, స్టాండు గురించి అడిగేవారు తక్కువ. ముందు పాడయ్యేది స్టాండు, దాని బోల్టులే. స్టాండు జింకు పూత బాగా పట్టిందో, అల్యూమినియందో కావాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. ప్యానెల్ ఉప్పుగాలి పరీక్ష నెగ్గినదై ఉండాలి. కడగడంలోనూ జాగ్రత్త అవసరం. ఉప్పని బోరు నీళ్లు ఆరితే అద్దం మీద తెల్లటి పొర మిగులుతుంది. ఆర్వో యంత్రం వదిలేసిన నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ. పట్టి ఉంచిన వాన నీరు అన్నిటికన్నా మేలు. అద్దం చల్లగా ఉండే తెల్లవారుజామునే తుడవాలి.

ఇక గాలివాన. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఈ ప్రాంతపు జ్ఞాపకంలో ఇంకా ఉంది. గాలి ప్యానెల్‌ను కిందినుంచి ఎత్తుతుంది. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే చోటు పోకూడదని ఎత్తు స్టాండ్లు వేయించుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే, కాని ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది. స్టాండు కాళ్లను ఇంటి పిల్లర్లతో, దూలాలతో కలిపి బిగించాలి. కాంక్రీటు దిమ్మెల బరువొక్కటే నమ్ముకుంటే చాలదు.

నేలటూరులో 2,400 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్నా, స్తంభాలు కూలితే పక్క ఊళ్లకూ చీకటే. అప్పుడు మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. తెగిన తీగ పట్టుకున్న లైన్‌మన్‌కు మిద్దె మీది కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా చేసిన ఏర్పాటు అది. కరెంటు లేనప్పుడూ వెలుగు కావాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. 30 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు, తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు ఆరు గంటలు నడిచినా ఒక యూనిట్ కాలదు. రెండు యూనిట్ల బ్యాటరీతో రెండు రాత్రులు గడుస్తాయి.

గాలి తగ్గాక మిద్దె ఎక్కేముందు ఇన్వర్టర్ ఆపి, తీగలు కనిపెట్టి చూడాలి. పగిలిన ప్యానెల్ కూడా పగటి వెలుగులో కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. తడి మిద్దె మీద దాన్ని చేత్తో ముట్టకూడదు.