హాట్‌ఖోలా ఈత సంఘం

పిల్లలూ! మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఏడాది పొడవునా పారే నది లేదు. స్వర్ణముఖి వానాకాలంలో కొన్నాళ్ళు పారి, తరువాత ఇసుకగా మిగిలిపోతుంది. అందుచేత ఇక్కడ ఈత అంటే బావి ఈతే. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, పైనుంచి తాడు పట్టుకుని, ఏ మామయ్యో పెద్దన్నో నేర్పితే వచ్చే విద్య అది. ఆ పనినే పదిమంది చేరి, ఒక పద్ధతి ప్రకారం, పేటలోని పిల్లలందరికోసం చేస్తే దాన్ని ఈత సంఘం అంటారు. అటువంటి సంఘాలకు పేరుపడ్డ ఊరు కలకత్తా. అక్కడి హాట్‌ఖోలా సంఘం కథ వినండి.

ఆ సంఘంలో శచీన్ నాగ్ అనే ఈతగాడు ఉండేవాడు. ఆయన పుట్టింది కాశీలో. చిన్నతనంలో ఒకనాడు పోలీసులు స్వాతంత్ర్యోద్యమకారుల మీద లాఠీలు ఝుళిపిస్తే, తప్పించుకోవడానికి గంగలోకి దూకాడట. సరిగ్గా అప్పుడే అక్కడ ఈత పందెం జరుగుతోంది. పందెగాళ్ళలో కలిసిపోయి ఈదుతూ పోయి, మూడవవాడుగా వచ్చాడట! ఈ కథ నోట నోట కొంత పెరిగి ఉండవచ్చు, కాని ఆయన ఈతలో మాత్రం అతిశయోక్తి లేదు. కలకత్తా అల్లర్లలో కాలికి తుపాకిగుండు తగిలి ఆసుపత్రి పాలై కూడా 1948లో లండన్ ఒలింపిక్సులో ఈదాడు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు, 100 మీటర్ల ఈతలో గెలిచి మన దేశానికి ఆ క్రీడల్లో తొలి బంగారు పతకం తెచ్చాడు.

ఇంతటివాడు తన విద్యను దాచుకోలేదు. సంఘానికి వచ్చే పిల్లల్లో ఆరతీ సాహా అనే చిన్నపిల్ల చురుకుదనం ఆయన కంటబడింది. నదీ స్నానానికి పోయి నాలుగేళ్ళకే ఈత పట్టిన ఆరతిని తండ్రి ఆ సంఘంలో చేర్పించాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సుకు వెళ్ళేనాటికి ఆమెకు పన్నెండేళ్ళయినా నిండలేదు.

1959 ఆగస్టు 27న ఆమె ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు, ఇంగ్లీషు ఛానెల్ అనే జలసంధి ఈదడానికి సిద్ధమైంది. వెంట రావలసిన పడవ ఆలస్యంగా వచ్చింది. నలభై నిమిషాలేగా అనుకుంటారేమో! ఆ జలసంధి ఇరుకైన చోట 21 మైళ్ళే. కాని ఆటుపోట్ల వల్ల అక్కడి నీరు సుమారు ఆరు గంటలు ఒక వైపుకు, మరో ఆరు గంటలు ఎదురు వైపుకు పరుగెడుతుంది. ఈదేవాళ్ళు తిన్నగా పోతున్నామనుకుంటారు, నీరు వాళ్ళను పక్కకు లాక్కుపోతుంది. దారి వంకరలు తిరిగి రెట్టింపవుతుంది. అందుకే ఏ వేళకు దిగాలో ముందే లెక్క చూసుకుంటారు. ఆ లెక్క తప్పింది. ఇంగ్లండు ఇంక అయిదు మైళ్ళుందనగా ఎదురు ప్రవాహం అడ్డుపడింది. గంటల తరబడి ఈదినా రెండు మైళ్ళకు మించి సాగలేదు. తీరం దగ్గరలోనే ఉంది. అయినా పడవ ఎక్కక తప్పలేదు.

ఆరతి అంతటితో ఇంటిదారి పట్టలేదు. నెల తిరిగాక, సెప్టెంబరు 29న మళ్ళీ నీళ్ళలోకి దిగింది. 16 గంటల 20 నిమిషాలు, 42 మైళ్ళు ఈది, ఇంగ్లండు గట్టెక్కి మన జెండా ఎగరవేసింది. అప్పటికామెకు పందొమ్మిదేళ్ళు. ఆసియా స్త్రీలలో ఆ జలసంధిని ఈదినవారిలో ఆమే మొదటిది. 1960లో పద్మశ్రీ ఇచ్చారు. 1994లో కన్నుమూసింది. 1999లో తపాలా శాఖ ఆమె బొమ్మతో మూడు రూపాయల బిళ్ళ వేసింది. మీలో తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళుంటే వెతికి చూడండి.