బ్యాటరీని మార్చుటకు ముందు

వరికోతలు ముగిసి ధాన్యము కొనుగోలు కేంద్రములకు చేరు దినములలో, కరెంటు పోయిన తోడనే సంఘపు కంప్యూటరు గూడ ఆరిపోయినచో ఏమగునో మన సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు. తూకము వేసిన బస్తాలు లెక్కకెక్కవు. ట్రాక్టరుతో వచ్చిన రైతు చీకటిపడు వఱకు వాకిట కూర్చుండవలసినదే. అప్పు డందఱి నోటను వచ్చు మాట యొక్కటే: “బ్యాటరీ పోయినది, క్రొత్తది తెప్పింపుడు.” సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సంఘములందే గాక ఇండ్లయందును ఇన్వర్టరు మొరాయించినపుడు ఈ మాటయే వినవచ్చుచున్నది.

ఇంటి ఇన్వర్టరుకు వాడు పెద్ద బ్యాటరీ యొకటి సుమారు పదునైదు వేల రూపాయలు పట్టును. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు వరికి మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. అనగా ఆఱు క్వింటాళ్లకు పైబడిన ధాన్యము పోసి దానిని కొనవలసియున్నది. కొనుటకు ముందు ఒక పూట పరీక్షించుట దండుగ కాదు.

మా పొరపాటును దాచక చెప్పుచున్నాము. మా కార్యాలయమున రెండేండ్లలో రెండు బ్యాటరీలు మార్చితిమి. మూడవదానికి తీర్మానము వ్రాయబోవుచుండగా, మోటార్లు బాగుచేయు పనివా డొకడు వచ్చి, బ్యాటరీపై తీగను బిగించిన చోటును వ్రేలితో కదల్చి చూపెను. అది వదులుగ నుండెను. చుట్టును తెల్లని, పచ్చని చిలుము పేరుకొని యుండెను. ఇంత చిన్న లోపము అంత పెద్ద బ్యాటరీ నెట్లు చెఱచునని మేమును మొదట నమ్మలేదు.

కారణ మిది. ఆఱువందల వాట్ల బరువు మోయుటకు 12 వోల్టుల బ్యాటరీనుండి ఏబది ఆంపియర్లకు మించిన ప్రవాహము రావలెను. అంత ప్రవాహము చిలుము పట్టిన సందులో దూరునపుడు ఒక వోల్టు అచ్చటనే హరించిపోవచ్చును. ఆ చోటు వేడెక్కును. ఇన్వర్టరు సుమారు పదిన్నర వోల్టులకు దిగగానే బ్యాటరీని కాపాడుటకై తనంతట తానే ఆగును. బ్యాటరీలో శక్తి యున్నను యంత్రమునకు అది అందలేదన్న మాట. ఛార్జియు ఆ సందుగుండనే రావలెను గనుక సరిగ నెక్కదు. కొంచె మెక్కిన ఛార్జితోనే నెలల తరబడి నిలిచిన బ్యాటరీలో సీసపు పలకలపై గట్టిపొర యేర్పడి అది నిజముగనే చచ్చును. మా రెండు బ్యాటరీల గతియు ఇట్టిదే యని ఇప్పుడు తలంచుచున్నాము.

కావున మొదట ఇన్వర్టరును ఆపి, ప్లగ్గు తీసి, బ్యాటరీ తీగలు విప్పుడు. ముందు మైనస్ తీగ, పిమ్మట ప్లస్ తీగ. బిగించునపుడు ప్లస్ తీగ ముందు. చిలుమును వంటసోడా కలిపిన నీటితో తోమి, ఆ నీరు గదులలో పడకుండ చూచి, తడియార్చి, గట్టిగ బిగించి వాజలీను పూయవలెను. చేతి యుంగరములు తీసివేయుడు. దగ్గఱ బీడీ ముట్టింపకుడు. ఛార్జి యగునపుడు బ్యాటరీనుండి వెడలు వాయువు భగ్గున మండునట్టిది.

ఇక రెండవ లోపము మన ప్రాంతమున మిక్కిలి కాననగును. యాసంగిలో సాగర్ ఎడమ కాలువ నీరు చాలనిచోట్ల బోరు మోటార్లన్నియు ఒక్కమాఱు తిరుగుటచే వోల్టేజి పడిపోవును. పెక్కు ఇన్వర్టర్ల వెనుక ఒక చిన్న మీట కలదు. దానిని యు.పి.యస్. వైపున నుంచినచో, వచ్చు కరెంటు సుమారు 180 వోల్టులకు దిగగానే కరెంటు లేదనియే యంత్రము భావించి బ్యాటరీని వాడుకొనును. ఊరంతట దీపములు వెలుగుచుండ మన బ్యాటరీ యొక్కటియే కరగిపోవుచుండును! మీటను రెండవ వైపునకు త్రిప్పిన, ఇంకను తక్కువ వోల్టేజియందును ఛార్జి యగును. కాని అట్లు చేసినచో కరెంటు పోయిన క్షణమున కంప్యూటరు ఆరి వెలుగవచ్చును. కంప్యూటరున్నచోట దానికి ప్రత్యేకముగ చిన్న యు.పి.యస్. ఉంచుటయో, స్టెబిలైజరు పెట్టుటయో మేలు. ఆ చిన్న యు.పి.యస్.పై లేజరు ప్రింటరును మాత్రము మోపకుడు. ఆ బరువునకు మంచి బ్యాటరీయు నిలువదు. వెనుక ఫ్యూజు పోయినదేమో అదియు చూడవలెను.

ఇవన్నియు సరిగ నున్నచో అప్పుడు బ్యాటరీని శంకింపవచ్చును. రాత్రియంతయు ఛార్జి చేసి, తీగలు విప్పి నాలుగైదు గంటలుంచి మీటరుతో కొలువుడు. 12.6 వోల్టులున్న నిండినట్లు. 12కు దిగువ నున్న ఛార్జి నిలుచుట లేదు. మఱల తగిలించి, ప్లగ్గు తీసి, రెండు ఫ్యానులు పావుగంట నడపినంతనే 11కు దిగజాఱినచో దాని పని ముగిసినదే. నీరు పోయు రకమైనచో హైడ్రోమీటరుతో ఆఱు గదులను చూడవచ్చును, ఐదింట 1.24 ఉండి ఒక్కదానిలో 1.15 ఉన్న ఆ గది చెడినది. నీరు తగ్గినచో డిస్టిల్డ్ వాటరే గాని బోరు నీరు పోయరాదు. అందలి లవణములు పలకలను తినివేయును.

ఛార్జరును మఱచిపోకుడు. ఛార్జి యగుచుండ బ్యాటరీపై కొలిచిన సుమారు 13.5 మొదలు 14.4 వోల్టు లుండవలెను. 13 దాటనిచో యంత్రము నింపుట లేదు. 15 దాటినచో ఉడికించుచున్నది. అట్టి యంత్రమునకు క్రొత్త బ్యాటరీ పెట్టుట చిల్లికుండలో నీరు పోయుటయే. మీటరు లేనివారు పొరుగువారి మంచి బ్యాటరీని, తమదానితో సమానమైన వోల్టులదే చూచి, ఒక పూట తగిలించి చూడుడు. అప్పటికిని అదే రోగమున్న దోషము యంత్రమునదే. యంత్రపు పెట్టెను మాత్రము మీరు విప్పకుడు, ప్లగ్గు తీసినను లోపల కరెంటు కొంతసేపు నిలిచియుండును.

బ్యాటరీయే చెడినదని తేలినచో, ముందు గ్యారంటీ కార్డుపై తేదీ చూడుడు. గడువు ఇంకను మిగిలియున్నచో కొట్టువాని నడుగ వచ్చును. లేనిచో పాతదానిని ఆ కొట్టుననే అప్పగించి దాని సీసపు విలువను క్రొత్తదాని వెలలో తగ్గింపుమని కోరుడు, చెత్తలో పాఱవేయకుడు.