చిన్న రంధ్రంలోంచి మెదడు లోతుల్లోకి

మెదడులో రక్తనాళం చిట్లితే నష్టం రెండు విడతలుగా జరుగుతుంది. పొంగిన నెత్తురు చుట్టూ ఉన్న కణజాలాన్ని చీల్చుకుంటూ గడ్డగా పేరుకోవడం మొదటిది. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో గడ్డ ఒత్తిడికీ, అందులోంచి ఊరే పదార్థాలకీ పక్కనున్న మెదడు వాచిపోవడం రెండోది. పుర్రె సాగదు కనుక ఆ వాపుకు లోపల చోటుండదు. మొదటి నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. రెండోదాన్ని తగ్గించాలంటే గడ్డను తీసేయాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. బీపీ వల్ల చిట్లే నాళాలు చాలావరకు మెదడు లోతుల్లో ఉంటాయి. పుర్రె తెరిచి అక్కడిదాకా వెళ్లేలోపు బాగున్న మెదడు కూడా గాయపడుతుంది. 2005లో వెలువడిన ‘స్టిచ్’ అధ్యయనంలో 1033 మంది రోగులను పరిశీలించారు. వెంటనే ఆపరేషన్ చేసినవారికీ, ముందు మందులతో చూసినవారికీ మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో ఎక్కువమందికి చేసింది పుర్రె తెరిచే ఆపరేషనే.

దారిని సన్నం చేయాలన్న ఆలోచన అంతకన్నా చాలా పాతది. 1910లో షికాగోకు చెందిన విక్టర్ లెస్పినాస్ అనే మూత్రకోశ వైద్యుడు, మూత్రాశయాన్ని చూసే గొట్టాన్నే పసిపిల్లల మెదడులోకి పంపారు. 1989లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర వైద్యులు మెదడులో రక్తస్రావమైన 100 మందిని రెండు జట్లు చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే మందులు మాత్రమే వాడినవారిలో 70 శాతం మంది చనిపోయారు. ఎండోస్కోప్‌తో గడ్డ తీసినవారిలో అది 42 శాతం.

ఈ ఆపరేషన్‌లో ముందుగా సీటీ స్కాన్ సాయంతో దారి గీసుకుంటారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని గడ్డ దాకా దింపుతారు. అందులోంచి కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండోస్కోప్ లోపలికి వెళ్తుంది. దాని కొసన వెలుగూ, చూపూ రెండూ ఉంటాయి. సర్జన్ తెర మీద చూస్తూ సెలైన్‌తో కడుగుతూ గడ్డను పీల్చేస్తారు. నెత్తురు కారుతున్న చోటు కనిపిస్తే అక్కడికక్కడే మూసేస్తారు.

నాళం గోడ ఉబ్బి బుడగలా తయారయ్యే ఎన్యూరిజమ్‌లోనూ ఈ చూపు అక్కరకొస్తుంది. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ తొలిసారి ఆ ఉబ్బు మెడకు వెండి క్లిప్పు బిగించారు. నేడు చాలామందికి తొడ దగ్గరి నాళంలోంచి తీగ పంపి, ఉబ్బును లోపలి నుంచే కాయిల్‌తో నింపుతున్నారు. క్లిప్పు తప్పనిసరైన చోట మాత్రం మైక్రోస్కోప్‌కు ఎండోస్కోప్ తోడవుతోంది. మైక్రోస్కోప్ బయటి నుంచి తిన్నగానే చూస్తుంది. 30 లేదా 45 డిగ్రీల వాలు కటకం ఉన్న ఎండోస్కోప్ ఉబ్బు వెనక్కి తొంగి చూసి, క్లిప్పు కింద ఏ సన్నని నాళమైనా నలిగిందేమో పట్టిస్తుంది.

అయితే రంధ్రం చిన్నదైనంత మాత్రాన ఫలితం గొప్పగా ఉంటుందని అనుకోకూడదు. కటకం మీద నెత్తురు పడితే చూపు పోతుంది. ఒక్కసారిగా రక్తం ఎగజిమ్మితే అంత ఇరుకులో ఆపడం కష్టం. 2019లో వెలువడిన ‘మిస్టీ-3’ అధ్యయనంలో గొట్టం ద్వారా మందు పంపి గడ్డను కరిగించారు. 506 మందిలో మొత్తంగా చూస్తే రోగులు కోలుకునే తీరు మెరుగుపడలేదు. 2024లో అమెరికా నుంచి వచ్చిన ‘ఎన్‌రిచ్’ అధ్యయనం ఆశలు చిగురింపజేసింది. 300 మందితో సాగిన ఆ పరిశీలనలో, రక్తస్రావమైన 24 గంటల్లోపు సన్నని గొట్టం ద్వారా గడ్డ తీసినవారిలో 30 రోజుల్లో చనిపోయినవారు 9.3 శాతం. మిగతావారిలో 18 శాతం. ఆ మేలు కూడా మెదడు పైభాగాల్లోని గడ్డలకే కనిపించింది, లోతైనవాటికి కాదు.

కాబట్టి ఎవరికి ఏ పద్ధతి నప్పుతుందో స్కాన్ చూసి నిపుణులే తేల్చాలి. మన చేతిలో ఉన్నది సమయం. ఒక్కసారిగా భరించలేని తలనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యీ కాలూ పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయండి. నాళం మూసుకుపోయిందో, చిట్లిందో పైకి చూసి చెప్పలేం. అందుకే స్కాన్ తీయకుండా ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి. చిట్లిన నాళమైతే అది నెత్తురును మరింత పారిస్తుంది. బీపీ ఉన్నవారు ఒంట్లో బాగుందని మాత్రలు మానేయకండి.