ఇంటి కెమెరాకు చిక్కని బాల్యం

1923లో కోడాక్ సంస్థ 16 మిల్లీమీటర్ల ఫిల్మును, దానికి తగిన చిన్న కెమెరాను విపణిలోకి తెచ్చింది. అంతవరకు వృత్తి నిపుణుల చేతిలో ఉన్న కెమెరా సంపన్నుల ఇళ్లలోకి ప్రవేశించింది. హాలీవుడ్‌లో అది షూటింగు స్థలాలకూ వెళ్లింది. ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రీకరణ వేళ సంగీత దర్శకుడు హెరాల్డ్ ఆర్లెన్ సరదాగా తీసుకున్న అలాంటి దృశ్యాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. అప్పటికి జూడీ గార్లాండ్ వయస్సు పదహారేళ్లు. నిద్రకూ మెలకువకూ స్టూడియో తనకు మాత్రలు ఇచ్చేదని ఆమె తరువాతి కాలంలో స్వయంగా చెప్పుకున్నది. ఇంటి ఫిల్ములో మాత్రలు కనిపించవు. కెమెరా పట్టుకున్నవారు నవ్వమంటారు, పిల్లలు నవ్వుతారు. అంతవరకే దాని సాక్ష్యం.

షిర్లీ టెంపుల్ తన ఆత్మకథలో వ్రాసిన ‘నల్లగది’ కూడా ఏ ఫిల్ములోనూ లేదు. 1932లో ఆమె నటించిన లఘుచిత్రాల సెట్టుపై చెప్పిన మాట వినని పసివాళ్లను ఆ గదిలో మంచుదిమ్మెపై కూర్చోబెట్టేవారట. అప్పటికామెకు నాలుగేళ్లు. తల్లికి చెబితే ఆమె నమ్మలేదు. ఆ శిక్షకంటే ఈ నమ్మకపోవడమే మమ్మల్ని ఎక్కువగా కలచివేసింది.

జాకీ కూగన్ కథ మరొక రకం. ‘ది కిడ్’ (1921) చిత్రంలో ఆ బాలుడి ఏడుపు లోకాన్నంతా ఏడిపించింది. ఆ కన్నీళ్లు ఎలా వచ్చాయో చాప్లిన్ తన ఆత్మకథలో చెప్పాడు. పిల్లవాడు ఏడవడం లేదని తండ్రి అతణ్ణి పక్కకు తీసుకువెళ్లి, ఏడవకపోతే అనాథాశ్రమం వంటి చోటికి పంపించివేస్తారని భయపెట్టాడు. దృశ్యం అద్భుతంగా వచ్చింది. తరువాత చాప్లిన్ ఓదార్చబోతే, నాన్న ఉత్తినే అన్నారని తనకు తెలుసునని పిల్లవాడు రహస్యంగా చెప్పాడు.

బాల్యంలో అతడు సంపాదించినది 30 నుండి 40 లక్షల డాలర్లని అంచనా. 1935లో కారు ప్రమాదంలో తండ్రి మరణించాడు. అదే ఏడాది జాకీకి ఇరవై ఒక్క ఏళ్లు నిండాయి. సొమ్ము అడిగితే తల్లి, మారుతండ్రి ఇవ్వలేదు. మైనరు సంపాదన తల్లిదండ్రులదేనని ఆనాటి కాలిఫోర్నియా చట్టం చెప్పేది! 1938లో కన్నతల్లిపైనే దావా వేయవలసివచ్చింది. చివరకు అతడి చేతికి వచ్చినది సుమారు 1,26,000 డాలర్లు. షిర్లీ సంగతీ అంతే: సంపాదన సుమారు 32 లక్షలు, మిగిలినది 44 వేలు. పందొమ్మిది నెలల వయస్సులో తెరకెక్కిన ‘బేబీ పెగ్గీ’ అయితే యౌవనంలో ఎక్స్‌ట్రాగా పనిచేసి పొట్టపోసుకున్నది.

ఈ సందర్భంలో అన్‌నిసా సూరా ఆరవ ఆయత్ మా మనస్సులో మెదిలింది. అనాథలు యుక్తవయస్సుకు వచ్చి వివేకం కనబరచినప్పుడు వారి సొత్తు వారికి అప్పగించాలని, అప్పగించేటప్పుడు సాక్షులను ఉంచుకోవాలని అందులో ఆదేశం ఉంది. సంరక్షకుడు సంపన్నుడైతే ఆ ధనానికి దూరంగా ఉండాలి. పేదవాడైతే ధర్మసమ్మతంగా తీసుకోవచ్చు. తండ్రి నీడన సంపాదించిన కూగన్‌కు ఈ ఆదేశం అక్షరాలా వర్తించదని అనేవారు ఉండవచ్చు. కుమారుని ధనంపై తండ్రికి హక్కున్నదని తెలిపే హదీసునూ వారు గుర్తుచేస్తారు. కాని అత్యధిక ఫికహ్ పండితులు దానిని అవసరం మేరకు వాడుకునే అనుమతిగానే గ్రహించారు. బిడ్డ సొత్తుకు యజమాని బిడ్డే. పెద్దల చేతిలో అది అమానత్.

1939లో కూగన్ పేరిట కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. అందులో లొసుగులు చాలా ఉండేవి. బాలనటుల సంపాదన వారి సొంత ఆస్తి అని, అందులో 15 శాతం తప్పనిసరిగా వారి పేర భద్రపరచాలని నిర్ణయించే సవరణ 2000 సంవత్సరం వరకు అమలులోకి రాలేదు.

ఇంతలో ఇంటి కెమెరా ఫోనుగా మారి మన నట్టింట్లోకీ వచ్చింది. హాలీవుడ్ వారు విరామ వేళల్లో సరదాకు తీసిన ఇంటి ఫిల్మే ఇప్పుడు అమ్ముడుపోయే సరుకు. పసివాడి అల్లరి, అలక, జ్వరం కూడా వీడియోలై కొందరు తల్లిదండ్రులకు రాబడి తెస్తున్నాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జులై 1 నుండి, ఇలాంటి వీడియోలలో తరచూ కనిపించే పదహారేళ్లలోపు పిల్లలకు ఆ రాబడిలో వాటాను విడిగా దాచవలసి ఉంది. దాచకపోతే, పెద్దయ్యాక తల్లిదండ్రులపై వారు కోర్టుకు వెళ్లవచ్చు.