నిషేధము పొందిన సైకిలు వీరులు

గత సంవత్సరము జిల్లా కబడ్డీ పోటీలకు మా పాఠశాల జట్టు బయలుదేరుటకు రెండు దినములు ముందుగా, ఒక విద్యార్థి తండ్రి మా గదిలోనికి వచ్చి, సంచిలోనుండి ఒక పెద్ద పొడి డబ్బాను తీసి బల్లపై నుంచెను. ఇది త్రాగినవాడు అలసటయే యెరుగడని వ్యాయామశాలలో నెవరో చెప్పిరట. "సార్, ఇది పిల్లగానికి ఇయ్యొచ్చునా?" అని ఆయన యడిగెను. డబ్బాపై నున్న పేర్లలో సగము మాకు బోధపడలేదు. ఇయ్యవలదని మాత్రము చెప్పితిమి. ఎందుకు వలదో ఆనాడు సరిగా చెప్పలేకపోతిమి. ఆ బాకీని తీర్చుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన పద్మనగరులోను, కామత్‌ఘర్‌లోను సైకిలనగా సాంచాల మీదికి పనికి పోవు సాధనము. దానిని త్రొక్కియే జీవనము గడుపు వృత్తిక్రీడాకారులు ఐరోపా ఖండమున వందలకొలది గలరు. వారి పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1903లో ప్రారంభమైన టూర్ ద ఫ్రాన్స్. మూడు వారములలో ఇరువదియొక్క దినములు పందెము. మొత్తము దూరము సుమారు 3,400 కిలోమీటర్లు. అనగా మనము భివండీనుండి కరీంనగరమునకు ఇంచుమించు రెండుమారులు పోయి వచ్చినంత. నడుమ ఆల్ప్స్, పిరనీస్ పర్వతములను ఎక్కి దిగవలెను. ఇంతటి శ్రమకు దేహము చాలనప్పుడు మనుష్యుడు మందువైపు చూచుట వింత కాదు. 1967 జూలై 13వ తేదీన టామ్ సింప్సన్ అను ఆంగ్లేయుడు మోన్ వెంతూ కొండ యెక్కుచు సైకిలుపైనుండి పడి మరణించెను. ఎండ వేడిమికి, అలసటకు తోడు, అలసటను తెలియనీయని ఆంఫెటమిన్ మాత్రలు ఆయన ప్రాణము తీసినవి.

తరువాతి కాలమున వచ్చిన మందు ఇంకను సూక్ష్మమైనది. దాని పేరు ఎరిత్రోపోయిటిన్; క్లుప్తముగా ఇ.పి.ఓ. అందురు. మన మూత్రపిండములే దీనిని సహజముగా పుట్టించును. ఎముకల మూలుగ దీని ప్రేరణచే ఎఱ్ఱకణములను తయారుచేయును. ఆ కణములు ప్రాణవాయువును కండరములకు మోయును. మూత్రపిండములు చెడి డయాలిసిస్ చేయించుకొను రోగులకు వైద్యులు ఇచ్చు సూదిమందు ఇదియే. రోగికి ఇది అమృతము. ఆరోగ్యవంతుడు తీసికొన్నచో రక్తము చిక్కబడి గుండెకు, మెదడునకు ముప్పు తెచ్చును. దీనిని మూత్రములో కనిపెట్టు పరీక్ష 2000 సంవత్సరమువరకు రాలేదు. అంతకు ముందు, 1997నుండి, రక్తములో ఎఱ్ఱకణముల పాలు నూటికి ఏబదిని మించినవానిని పందెమునుండి తొలగించుచుండిరి, అంతియే.

1999లో ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ, 'వాడా', ఏర్పడినది. దాని నియమములలో ముఖ్యమైన దొకటి తల్లిదండ్రు లెరుగవలెను: క్రీడాకారుని దేహములో నేమి దొరకినను దానికి బాధ్యుడు అతడే. తెలిసి త్రాగెనా, తెలియక త్రాగెనా యను విచారణ శిక్ష యెంతయో నిర్ణయించుటకే గాని, తప్పు జరిగెనా లేదా యని తేల్చుటకు గాదు. ఇచ్చిన నమూనాను రెండు సీసాలలో భద్రపరతురు. మొదటిదానిలో దోషము కనబడినచో రెండవదానిని పరీక్షింపుమని అతడు కోరవచ్చును. తెలిసి చేసిన తప్పునకు ఇప్పుడు సాధారణముగా నాలుగు సంవత్సరముల నిషేధము. నేరారోపణ అందిన ఇరువది దినములలోపల ఒప్పుకొని శిక్షను స్వీకరించినచో అందొక సంవత్సరము తగ్గును.

ఇక నిషేధము తగిలిన పిమ్మట వారేమి చేసిరో చూతము. మమ్ము ఆకర్షించినది ఈ భాగమే. నలుబది మంది పిల్లలలో నొకడు పరీక్షలో చీటీతో పట్టుబడినప్పుడు ఉపాధ్యాయుడు చూచునది చీటీని గాదు, ఆ పిల్లవాని ముఖమును.

అమెరికా దేశపు టైలర్ హామిల్టన్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్ స్వర్ణపతకము గెలిచెను. కొలది వారములకే స్పెయిన్ పందెములో అతని రక్తమునందు అన్యుని రక్తకణములు కనబడినవి. తాను నిర్దోషినని అతడు వాదించెను. తల్లిగర్భమున అతనితోపాటు ఏర్పడి అంతరించిన కవలపిండపు కణములు కావచ్చునని గూడ అతని పక్షమువారు చెప్పిరి! వాదము నిలువలేదు, రెండేండ్ల నిషేధము పడినది. 2011లో సత్యమును ఒప్పుకొని పతకమును తిరిగి ఇచ్చివేసెను. అప్పటికి ఏడు సంవత్సరములు గడచినవి.

ఫ్లాయిడ్ లాండిస్ కథ ఇంతకన్న బాధాకరము. 2006 టూర్‌లో గెలిచిన కొలది దినములకే టెస్టోస్టిరాన్ విషయమై పట్టుబడెను. తనకు న్యాయము జరుగవలెనని ప్రజలనుండి చందాలు పోగుచేసి వ్యాజ్యము నడపెను. 2008లో తుది తీర్పునందును ఓడెను. 2010లో మందులు వాడితినని ఒప్పుకొనెను. సామాన్యులు నమ్మి యిచ్చిన ధనము, సుమారు 4,78,000 డాలర్లు, తిరిగి చెల్లించుటకు 2012లో అంగీకరింపవలసివచ్చెను. అబద్ధమునకు తాను మూల్యము చెల్లించుట వేరు, పొరుగువానిచేత చెల్లింపించుట వేరు.

అందరికన్న పెద్దపేరు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. కాన్సరునుండి కోలుకొని 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడుమారులు టూర్ గెలిచిన ఆయనను రోగులెందరో దైవమువలె చూచిరి. తనను శంకించినవారిపై ఆయన దావాలు వేసెను. తన జట్టులో మర్దన చేయు స్త్రీ నిజము చెప్పగా ఆమెను నీచముగా నిందించెను. 2012లో తోటి ఆటగాండ్రు పదునొకండుగురు సాక్ష్యమిచ్చిరి. ఏడు గెలుపులు రద్దయినవి. జీవితకాల నిషేధము పడినది. 2013 జనవరిలో దూరదర్శన ముఖాముఖిలో ఒప్పుకొనెను. ముందుగా నిజము చెప్పిన తోటివారిలో పలువురికి ఆరు మాసముల నిషేధముతో సరిపోయినది.

సాంచా నడపువారికి ఇది సులభముగా తెలియును. పడుగుపోగు తెగినప్పుడు సాంచా ఆపి ముడివేసినచో బట్టపై చిన్న మచ్చ. ఎవరును చూడలేదని నడపినచో మీటర్లకొలది గీత; తాకా మొత్తము వెనుకకు వచ్చును.

అట్లని ఒప్పుకొన్న ప్రతివానిని పూజింపవలెనని మేము చెప్పము. బ్రిటిషు వీరుడు డేవిడ్ మిల్లర్‌ను 2004లో ఫ్రాన్సులోని బియారిట్జ్‌లో పోలీసులు పట్టి, ఇంటిలో ఇ.పి.ఓ. వాడిన సూదులను కనుగొనిరి. అటుపిమ్మటనే ఆయన ఒప్పుకొనెను. కాని తరువాత నడచిన నడక మెచ్చదగినది. 2003లో గెలిచిన ప్రపంచ బిరుదును కోల్పోయి, రెండేండ్లు దూరముగా నుండి, 2006లో మరల వచ్చెను. మందులు లేని జట్టుకొఱకు పాటుపడెను. వాడాయొక్క క్రీడాకారుల సంఘములో సభ్యుడయ్యెను. 2012 జూలై 13వ తేదీన, సింప్సన్ మరణించి సరిగా 45 ఏండ్లు నిండిన దినమున, టూర్‌లో ఒకనాటి పందెము గెలిచెను.

మరలి రాలేనివారును గలరు. ఇటలీవాడు మార్కో పాంతానీ 1998లో ఇటలీ, ఫ్రాన్సు పందెములు రెండును గెలిచెను. మరుసటి యేట జూన్‌లో, గెలుపు చేతికి అందబోవుచుండగా, రక్తపరీక్షలో ఎఱ్ఱకణముల పాలు 52గా తేలి పందెమునుండి తొలగింపబడెను. అవమానమునుండి ఆయన తేరుకొనలేదు. కొకేనుకు లోనై 2004 ఫిబ్రవరి 14వ తేదీన రిమినీ పట్టణమున ఒక హోటలు గదిలో ఒంటరిగా మరణించెను, వయస్సు 34. తప్పు చేసిన పిల్లవానిని నలుగురిలో నిలువబెట్టి తిట్టుటకు ముందు ఈ గది మాకు జ్ఞాపకము వచ్చుచుండును. మాకు ఆ అలవాటు ఒకప్పుడు గట్టిగానే యుండెడిది.

నిరాకరించువారందరు అబద్ధీకులును గారు. ఆల్బెర్టో కొంతదోర్ దేహమున 2010లో దొరకిన క్లెన్‌బ్యుటెరాల్ అత్యల్పము. తాను తిన్న గొడ్డుమాంసమునుండి వచ్చినదని ఆయన వాదించెను. న్యాయస్థానము నమ్మలేదు గాని, మందు తెలిసి తీసికొనెనని నిర్ధారింపనులేదు. బిరుదు మాత్రము పోయినది.

ఇదంతయు దూరదేశపు మాట యనుకొనరాదు. మనకు సమీపమున నున్న విరార్‌లో పెరిగిన క్రికెట్ ఆటగాడు పృథ్వీ షా 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో ఇచ్చిన నమూనాలో టెర్బ్యుటలిన్ దొరకినది. దగ్గుమందులలో సాధారణముగా నుండు పదార్థమే యిది. వైద్యుని అడుగక దగ్గుమందు త్రాగితినని అతడు చెప్పెను. క్రికెట్ బోర్డు ఆ మాటను నమ్మినది. అయినను ఎనిమిది మాసముల నిషేధము తప్పలేదు. పందొమ్మిదేండ్ల యా బాలుడు వాదులాడక శిక్ష నంగీకరించి, గడువు తీరగానే ఆటకు వచ్చెను. నూలుధూళిలో బ్రదుకు మన యిండ్లలో దగ్గుమందు సీసా లేని యిల్లేది?

వాడా లెక్కల ప్రకారము 2023లో భారతదేశమున పరీక్షించిన 5,606 నమూనాలలో 213 దోషయుక్తములు. మన పార్లమెంటు 2022లో దీనికై ప్రత్యేక చట్టమునే చేసినది. కావున పోటీలకు పోవు పిల్లల విషయమై మూడు మాటలు. వైద్యుని యొద్ద మీ వాడు ఆటగాడని ముందుగా చెప్పుడు. ఆయన వ్రాసిన చీటీని పారవేయకుడు; తప్పనిసరి మందునకు ముందుగా అనుమతి పొందు పద్ధతి యున్నది. పేరులేని పొడులను కొనకుడు, ఏలయన డబ్బాపై వ్రాయని పదార్థములును లోపల నుండవచ్చును.

ఆ కబడ్డీ జట్టు రెండవ పందెములోనే ఓడి వచ్చినది. పొడి డబ్బా ఇంకను మా బీరువాలోనే యున్నది. ఆ తండ్రి యెప్పుడైన వచ్చి తీసికొనిపోయి దుకాణమువానికి తిరిగి ఇచ్చివేయవచ్చును. మూత మేము తీయలేదు.