మానినవాడు మళ్లీ ఎందుకు తాగుతాడు?

మా వీధిలో ఒక రైతు. తాగుడు మాన్పించే ఆసుపత్రిలో నెల్లాళ్లుండి వచ్చాడు. ఆపైన అయిదు నెలలు చుక్క ముట్టలేదు. వేరుసెనగ అమ్మి, డబ్బు మొలలో దోపుకుని వస్తూ పాత దుకాణం మలుపు తిరిగాడో లేదో - అంతే! తెల్లవారి అతని భార్య మా గుమ్మంలో కూర్చుని, “పిల్లోని తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసినాడు సార్!” అని ఏడ్చింది. సిగ్గులేని మనిషి అనుకున్నాను. నాలుగు పుస్తకాలు తిరగేశాక, అలా అనుకున్నందుకు సిగ్గు నాకే వేసింది.

చప్పుడు వినిపించి తిండి పెడుతూపోతే, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే కుక్కకు నోరూరుతుందని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ చూపిన సంగతి మీరు వినే ఉంటారు. అంతగా వినని సంగతి మరొకటుంది. తిండి పెట్టకుండా ఊరికే చప్పుడు వినిపిస్తే నోరూరడం ఆగిపోతుంది. మరిచిపోయింది కాబోలునని కొంత విరామమిచ్చి మళ్లీ వినిపిస్తే, మళ్లీ నోరూరింది! పాత పాఠం చెరగలేదు. “ఇప్పుడు రాదు” అన్న కొత్త పాఠం దానిమీద వచ్చి కూర్చుంది. మా అనంతపురం వాళ్లకు ఇది వింత కాదు. వేసవిలో మాడిపోయిన గరిక ఒక్క వానకు ఎలా లేస్తుందో ఏటా చూస్తాం.

పైగా ఈ కొత్త పాఠం నేర్చిన చోటనే బాగా పనిచేస్తుంది. ఆసుపత్రిలో దుకాణం లేదు, నేస్తుల పిలుపు లేదు, పంట డబ్బు లేదు. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్లో చాలామంది, 1970 దశకం మొదట్లో స్వదేశం చేరాక మళ్లీ బానిసలు కాలేదని లీ రాబిన్స్ అనే ఆమె పరిశీలించి తేల్చారు. వారికి చోటు మారింది. మా రైతు వచ్చింది పాత వీధికే కదా!

ఈ కొత్త పాఠం మెదడులో నాటుకోవాలంటే ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకాలు పనిచేయాలి. గ్రాహకమంటే జీవకణానికున్న తాళమనుకోండి. గ్లూటమేట్ అనే రసాయనం దానికి తాళంచెవి. ఆ తాళాలను మందుతో మూసేస్తే ఎలుకలకు పాఠం సరిగా అంటదు. క్షయకు వాడే సైక్లోసెరిన్ వీటికి ఊతమిస్తుందని వ్యసనపరుల మీద పరీక్షించారు. ఫలితాలు ఒక్కతీరుగా లేవు. ఒకచోట కోరిక పెరిగింది కూడా! కొత్త జ్ఞాపకానికి ఇవ్వబోయిన బలం పాతదానికి చేరింది కాబోలు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డప్పుడు వారికి గ్రాహకాల మాట తెలియదు. కంటికెదురుగా కొట్టు ఉండరాదని మాత్రం తెలుసు.

ఈసారి కాయలు అమ్మేనాడు ఆమె కూడా మండీకి పోతుందట. తిరిగి వచ్చేది గుడి వెనక దారిన.